బురదలో జిగురెంత?

పిల్లలూ! కమలాపురం చుట్టుపట్ల పొలాలలో బోరు వెయ్యటం మీలో చాలామంది చూసే వుంటారు. లారీమీది యంత్రం గడగడలాడుతూ గొట్టాన్ని నేలలోకి దించుతుంది. గాలి ఒత్తిడికి రాతిపొడి తెల్లగా పైకి చిమ్ముతుంది. ఇంటిల్లిపాదీ నిలబడి, ఆ దుమ్ము ఎప్పుడు తడుస్తుందా అని ఎదురు చూస్తారు.

మన సీమలో అడుగున గట్టి రాయి వుంటుంది. అందుచేత బోరు గోడలు వాటంతట అవే నిలుస్తాయి. కాని, కృష్ణా గోదావరుల డెల్టాలో నేల అలాటిది కాదు. ఇసుకా, బంకమన్నూ మందంగా పేరుకుని వుంటాయి. అక్కడ నరసాపురం దగ్గర 1978లో చమురుకోసం బావి తవ్వారు. అటువంటి నేలలో కిలోమీటర్ల లోతుకు బెజ్జం వేస్తే గోడలు కూలిపోవా?

కూలకుండా వుండటానికి ఒక బురదను తయారుచేసి గొట్టంలోగుండా లోపలికి పంపుతారు. అది అడుగున బయటపడి, గొట్టానికీ గోడకూ మధ్య వుండే సందులోంచి పైకి వస్తూ రాతి ముక్కలను మోసుకు వస్తుంది. తన బరువుతో గోడలను అదిమిపట్టి వుంచుతుంది. ఆ బరువుకోసం కలిపే ముగ్గురాయి ఎక్కడిదో తెలుసా? మన మంగంపేట గనులలో కావలసినంత వున్నది!

బురదలో జిగురు కూడా కలుపుతారు. మీరు కూర వండుకునే మటిక్కాయలు, అంటే గోరుచిక్కుళ్ళు, ముదిరి ఎండితే వాటి గింజలనుంచి మంచి జిగురు వస్తుంది. మొక్కజొన్న పిండి, బంగాళాదుంప పిండి కూడా వాడతారు. వీటిని పాలిమర్లు అంటారు. దండలో పూలలాగా వేలకొద్దీ చిన్న అణువులు వరసగా కూడితే ఒక పాలిమరు అణువు అవుతుంది.

జిగురు తగ్గిందా, బురదలోని నీరు గోడలలోకి ఇంకి మన్ను ఉబ్బి కూలుతుంది, గొట్టం ఇరుక్కుపోతుంది. ఎక్కువైందా, బురద చిక్కబడి పంపులకు లొంగదు. పైగా బావిలోని వేడికీ, సూక్ష్మజీవులకూ ఆ దండలు తెగిపోతాయి. కొంత జిగురు రాతిపొడికి అంటుకుని పోతుంది. కనక నిన్న కలిపినదంతా ఇవాళ వుంటుందనుకోరాదు. మాటిమాటికీ కొలవాలి.

ఎలా కొలవటం? 1931లో మార్ష్ అనే ఆయన ఒక గరాటు తయారుచేశాడు. అందులోంచి 946 మిల్లీలీటర్ల మంచినీరు కారటానికి 26 సెకండ్లు పడుతుంది. బురద చిక్కగా వుంటే ఎక్కువసేపు పడుతుంది. కాని, బంకమన్ను ఎక్కువైనా బురద చిక్కబడుతుంది గదా! చిక్కదనం మన్నువల్ల వచ్చిందో, జిగురువల్ల వచ్చిందో గరాటు చెప్పలేదు.

అందుకని రసాయన శాస్త్రజ్ఞులు రంగును ఆశ్రయించారు. పిండి వున్నచోట అయొడిన్ వేస్తే నీలిరంగు వస్తుంది. మటిక్కాయ జిగురు అలా నీలం కాదు. బురదను వడపోసి, ఆ నీటిలో ఫినాలు, గాఢ గంధకామ్లం కలిపితే పసుపు, నారింజ కలిసిన రంగు వస్తుంది. ఈ పద్ధతి 1956లో వెలువడింది. ఇది ప్రయోగశాలలో పెద్దలు చేసేది, మీరు చెయ్యకూడదు.

మీరు చెయ్యదగినది ఇంకొకటి వున్నది. అమ్మనో నాన్ననో దగ్గర వుంచుకుని చెయ్యండి. చల్లారిన గంజి రెండు చెంచాలు ఒక గ్లాసు నీళ్ళలో కలపండి. నాలుగు గాజుగ్లాసులలో సగం దాకా నీళ్ళు పొయ్యండి. మొదటిదానిలో ఏమీ కలపవద్దు. తక్కినవాటిలో ఆ గంజినీళ్ళు వరసగా ఒకటి, రెండు, నాలుగు చెంచాలు వెయ్యండి. అన్నిటిలోనూ రెండేసి చుక్కలు టింక్చర్ అయొడిన్ వేసి కలపండి. మొదటి గ్లాసు లేత పసుపుగా వుంటుంది; తక్కినవి ఒకదానికంటె ఒకటి నీలంగా వుంటాయి.

ఇప్పుడు మీరు అటు తిరగండి. అయిదో గ్లాసులో తమ్ముడిచేత గంజినీళ్ళు వేయించండి. ఎన్ని చెంచాలు వేశాడో చెప్పనివ్వవద్దు. రెండు చుక్కలు అయొడిన్ వేసి, రంగు ఏ గ్లాసుతో సరిపోతుందో చూసి మీరే చెప్పండి! తరవాత నీళ్ళన్నీ పారబోసి, గ్లాసులు బాగా తోమండి. ఎవరూ నోట పెట్టకూడదు సుమా!

కోమటి కొట్టులో ఒక తట్టలో తెలిసిన రాయి వేసి, రెండో తట్టలో బెల్లం తూచటం చూశారుగా? చమురు బావి దగ్గర చేసేదీ అదే. తెలిసినదానితో పోల్చి, తెలియనిదాన్ని తెలుసుకోవటమే కొలత.