మెడ ధమనుల స్వల్ప సంకోచము – డాప్లర్ పరీక్ష

మెడకు ఇరుప్రక్కల నాలుగేసి చొప్పున ఎనిమిది సిరామాతృకలను సుశ్రుతుడు సద్యఃప్రాణహర మర్మములలో చేర్చినాడు. మెదడుకు రక్తము నందించు కెరోటిడ్ ధమనులు ఈ ప్రదేశముననే ఉన్నవి. వీటిలో క్రొవ్వు పేరుకొని దారి కొద్దిగా ఇరుకైనచో నాడి పట్టి తెలిసికొనుట అసాధ్యము; నాడీవైద్యుడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను.

డాప్లర్ అల్ట్రాసౌండు పరీక్షకు సూది లేదు, ఎక్స్‌రే కిరణములు లేవు. మా కె.గంగవరము కాలువలో తూము ఇరుకైనచోట నీరు వడిగా దూకునట్లే, ఇరుకైన ధమనిలో రక్తవేగము హెచ్చును. పూడిక కనబడినను వేగము సెకనుకు 125 సెంటీమీటర్లలోపే ఉన్నచో, సంకోచము 50 శాతములోపని సాధారణముగా లెక్క. దానికి శస్త్రచికిత్స అక్కరలేదు. చుట్ట మాత్రము మానవలెను. రక్తపోటు, మధుమేహము, కొలెస్టరాలు అదుపులో ఉండవలెను. వెల్లుల్లి మంచిదే, కాని దానిని నమ్మి డాక్టరిచ్చిన మాత్రలు ఆపరాదు. మెడను గట్టిగా మర్దించుట, విరుచుట కూడదు.

మూతి వంకరపోయినను, మాట తడబడినను, ఒక చేయి పట్టు తప్పినను, అది నిమిషములలో సర్దుకొన్నను సరే, తక్షణమే కాకినాడ పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను.