పట్టణ పాఠశాలల్లో మట్టి లేని ఆకుకూరల సాగు: మెదక్ పరిస్థితులకు అనువైన విధానం

పాఠశాలల్లో పోషకాహార తోటల ఏర్పాటుకు కేంద్ర ప్రభుత్వం 2019లో మార్గదర్శకాలు జారీ చేసింది. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక విద్యార్థికి రోజుకు 50 గ్రాములు, ప్రాథమికోన్నత విద్యార్థికి 75 గ్రాముల కూరగాయలు అందాలన్నది నిబంధన. అయితే మెదక్ వంటి పట్టణాల్లో సిమెంటు పరచిన ఆవరణలే తప్ప మట్టి నేల లేని పాఠశాలలకు ఈ తోటలు అందని అవకాశంగానే మిగులుతాయి. అటువంటి చోట హైడ్రోపోనిక్స్, అనగా మట్టికి బదులు పోషక ద్రావణంలో మొక్కలను పెంచే పద్ధతి, ఉపయోగపడుతుంది. సాగుకు అనువైన నేల ఉన్న పాఠశాలకు మాత్రం మట్టి మళ్లే చౌక.

పద్ధతి ఎంపిక

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గెరికె 1937లో హైడ్రోపోనిక్స్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చారు. మన దేశంలో 1946లో కాలింపాంగ్ ప్రాంతంలో షోల్టో డగ్లస్ ప్రయోగాలు ఆరంభించారు. నేడు విరివిగా కనిపించే గొట్టాల పద్ధతిలో వేర్లపై ద్రావణం పలుచని పొరగా ప్రవహిస్తుంది. వేసవి ఎండలో పంపు కొన్ని గంటలు ఆగినా మొక్కలు వాడిపోతాయి. సెలవు రోజుల్లో కనిపెట్టి ఉండే మనిషి లేని పాఠశాలకు ఇది తగదు.

హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన క్రాట్కీ రూపొందించిన నిలువ ద్రావణ పద్ధతికి పంపు గాని, విద్యుత్తు గాని అవసరం లేదు. మూత పలకకు చేసిన రంధ్రాల్లో మొక్కలను నిలుపుతారు. మొక్క నీటిని పీల్చుకొనే కొద్దీ ద్రావణ మట్టం తగ్గి, పలకకు ద్రావణానికి మధ్య గాలి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోని వేర్లు ప్రాణవాయువును గ్రహిస్తాయి. కనుక తొట్టిని తిరిగి అంచు వరకు నింపరాదు. నింపితే గాలికి అలవాటుపడిన వేర్లు మునిగి కుళ్లిపోతాయి.

విస్తీర్ణం అంచనా

నూరుమంది ప్రాథమిక విద్యార్థులకు రోజుకు 5 కిలోల కూరగాయలు కావాలి. చదరపు మీటరుకు నెలకు 1.5 కిలోల ఆకుకూర వస్తుందని అనుకుంటే, 2 చదరపు మీటర్ల తొట్లు ఏడింటి నుండి 21 కిలోలు లభిస్తాయి. ఇది వారానికి ఒక పూట ఆకుకూరకు సరిపోతుంది. మొత్తం కూరగాయల అవసరాన్ని ఈ తోట తీర్చగలదని పాఠశాల యాజమాన్యానికి చెప్పడం సరికాదు. 20 సెంటీమీటర్ల లోతున నింపిన ద్రావణం చదరపు మీటరుకు 200 కిలోల బరువు మోపుతుంది. అందువల్ల ఇంజనీరు అనుమతి లేనిదే తొట్లను మిద్దెపై ఉంచరాదు.

నీరు, పోషకాలు

ముందుగా నీటి పరీక్ష చేయించాలి. బైకార్బొనేట్లు అధికంగా ఉన్న బోరు నీటిలో ఉదజని సూచిక పెరిగి, ఇనుము మొక్కకు అందక లేత ఆకులు పసుపు రంగుకు మారతాయి. ఉదజని సూచికను 5.5 నుండి 6.5 మధ్య, విద్యుత్ వాహకతను మీటరుకు 1.5 నుండి 2.0 డెసిసీమెన్స్ మధ్య నిలపాలి. లేత నారుకు సగం గాఢత చాలు. గాఢ ద్రావణాలను తయారుచేసేటప్పుడు కాల్షియం నైట్రేటును సల్ఫేట్లు, ఫాస్ఫేట్లతో కలిపితే తెల్లని అవక్షేపం ఏర్పడి పోషకాలు వృథా అవుతాయి. అందుచేత రెండు వేర్వేరు పాత్రల్లో కలిపి, తొట్టిలోని నీటిలో ఒకదాని తరువాత ఒకటి పోయాలి. ఆమ్లాన్ని ఉపాధ్యాయులే వాడాలి, పిల్లలకు అందనివ్వరాదు.

వేడిమి, కాలపట్టిక

20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే. ఒకవైపు ప్రాణవాయువు తగ్గుతుండగా మరోవైపు వేరుకుళ్లు శిలీంధ్రాలు విజృంభిస్తాయి. తొట్లకు వెలుపల తెల్లరంగు వేసి, పైన 50 శాతం నీడ వల కట్టాలి. వెలుతురు చొరబడితే నాచు పెరుగుతుంది. సందులుంటే దోమలు గుడ్లు పెడతాయి. కావున మూతలు బిగుతుగా ఉండాలి.

జూన్‌లో బడులు తెరవగానే కొబ్బరి పొట్టు నింపిన ట్రేలలో తోటకూర, బచ్చలి నారు పోసుకోవాలి. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు పాలకూర, కొత్తిమీరకు అనుకూలం. ఏప్రిల్ సెలవులకు ముందే పంట ముగించి, తొట్లను కడిగి ఆరబెట్టాలి. మిగిలిన ద్రావణాన్ని మురుగు కాలువలోకి వదలక, పలుచన చేసి ఆవరణలోని చెట్లకు పోయాలి.

ముగింపు

ఇటువంటి తోటలు మొదటి పంటకు కళకళలాడి, బాధ్యత తీసుకొనే వారు లేక రెండవ పంటకే మూలపడటం కద్దు. తొట్లను ఇచ్చి వచ్చినంత మాత్రాన విస్తరణ కార్యకర్త పని ముగియదు. ఉదజని సూచిక, నీటి మట్టం, దిగుబడి నమోదును విద్యార్థి బృందాలకు అప్పగించి, వంట సిబ్బందితో కోత రోజును ముందే నిర్ణయించుకోవాలి. ఇందులో తునికి కృషి విజ్ఞాన కేంద్రం వంటి విస్తరణ సంస్థల తోడ్పాటు పొందవచ్చు. కోసిన ఆకు అదే రోజు పిల్లల కంచంలోకి చేరినప్పుడే ఈ తోటకు సార్థకత.