తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

మా మేనల్లుడు మాస్టర్స్ చదవడానికి వచ్చి, హారోలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. వారాంతాల్లో పార్క్ రాయల్‌లోని ఒక ఆహార కర్మాగారంలో పని. మొన్న శనివారం రాత్రి మణికట్టు మీద ఎర్రటి చారతో ఇంటికొచ్చాడు. "బెల్టులో ట్రే ఇరుక్కుంది మావయ్యా. తీస్తుంటే ఎవరో లైన్ ఆన్ చేశారు. రెండు సెకన్ల పనే కదా అనుకున్నా" అన్నాడు.

వాళ్ల నాన్నకు, అంటే మా బావకు, కుడిచేతికి రెండు వేళ్లు లేవు. వీడు పుట్టకముందు తెనాలి దగ్గర ఒక రైస్ మిల్లులో ఎలివేటర్ బెల్టు సరిచేస్తుంటే, బయటున్న కుర్రాడు స్విచ్చి వేశాడు. తప్పు కుర్రాడిదేనని ఊరంతా అంది. బావ మాత్రం ఒక్కసారీ అనలేదు. "లోపల మనిషున్నాడని వాడికెలా తెలుస్తుందిరా?" అనేవాడు.

మిషన్ నడిచేటప్పుడు దానికి గార్డు ఉంటుంది. బాగుచేయాలంటే ఆ గార్డు తీసి, చెయ్యి లోపల పెట్టాలి. అసలు ప్రమాదం అక్కడే. స్విచ్చి ఆపినంత మాత్రాన సరిపోదు. పైపుల్లో గాలి ఒత్తిడి ఉంటుంది, స్ప్రింగు బిగుసుకుని ఉంటుంది, పైకెత్తిన భాగం దాని బరువుకే కిందపడొచ్చు. అందుకే లాకౌట్ పద్ధతి వచ్చింది. మెయిన్ ఆపి, దానికి మీ సొంత తాళం వేసి, పేరు రాసిన ట్యాగ్ తగిలించి, చెవి మీ జేబులోనే పెట్టుకోవాలి. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు. మిగిలిన ఒత్తిడి వదిలేశాక, స్టార్ట్ బటన్ నొక్కి కదలడం లేదని చూసుకుని అప్పుడు చెయ్యి పెట్టాలి. ప్రొడక్షన్ డేటాబేస్‌ను లాక్ చేయకుండా ముట్టుకోని మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది వింతేమీ కాదు. కాకపోతే మాకు బ్యాకప్ ఉంటుంది.

1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికపై 167 మంది చనిపోయారు. ఒక పంపు సేఫ్టీ వాల్వ్‌ను మరమ్మతుకు విప్పారు. ఆ కబురు రాత్రి షిఫ్టు వాళ్లకు చేరలేదు. వాళ్లు ఆ పంపునే నడపబోయారు.

మన దేశంలోనూ చట్టం లేకపోలేదు. నడుస్తున్న యంత్రం దగ్గర ఇలాంటి పనిని శిక్షణ పొందినవాళ్లే, ఒంటికి బిగుతైన బట్టలు వేసుకుని చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. బావ ఆ రోజు లుంగీలో ఉన్నాడు.

మేనల్లుడి భయం వేరు. "ఏజెన్సీ పని మావయ్యా, ఎక్కువ మాట్లాడితే వచ్చే వారం షిఫ్టు ఉండదు." ఆ భయం ఉత్తిదని నేననను. కానీ బ్రిటన్‌లో మిషన్‌ను కరెంటు నుంచి వేరుచేసే ఏర్పాటు యజమానే చూడాలి. 1998 నాటి నిబంధనలున్నాయి. ఏజెన్సీ మనిషికీ ఆ రక్షణ ఉంది. ఆదివారం ఇద్దరం కూర్చుని సూపర్‌వైజర్‌కు జరిగింది జరిగినట్టు మెయిల్ రాశాం. తర్వాత బావకు వీడియో కాల్ చేశాం. ఆయన ఏమీ చెప్పలేదు, కొడుకు మణికట్టు చూపించమన్నాడు.

ఈ శనివారం మళ్లీ ట్రే ఇరుక్కుందట. వీడు చెయ్యి పెట్టకుండా మెయింటెనెన్స్ వాళ్లను పిలిచాడు. వాళ్లు తాళం వేసి, ట్రే తీసి, తాళం విప్పేసరికి లైన్ పదకొండు నిమిషాలు ఆగింది. వచ్చే వారం షిఫ్టు మెసేజ్ కోసం ఇంకా చూస్తున్నాడు.