ఢిల్లీ లేఖ: బేరగాడు సరే, ఆటగాడి మాటేమిటి?

పోర్చుగల్ దేశస్థుడు జోర్జ్ మెండెస్ ఫుట్‌బాల్ ఆటగాడుగా పేరు తెచ్చుకున్నవాడు కాడు. కింది తరగతి లీగులలో చిన్న క్లబ్బులకు ఆడి, వీడియో క్యాసెట్ల దుకాణం, నైట్‌క్లబ్బు నడుపుకున్నాడు. నూనో అనే గోల్‌కీపరును స్పెయిన్‌లోని దెపోర్తివో లా కొరున్యా క్లబ్బులో చేర్పించడంతో 1990ల మధ్యలో అతడి రెండవ జీవితం మొదలైంది. 2003లో క్రిస్టియానో రొనాల్డో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరినప్పుడూ, 2009లో 8 కోట్ల పౌండ్లకు రియల్ మాడ్రిడ్‌కు మారినప్పుడూ ఏజెంటు అతడే. బంతితో సాధించలేనిది బేరంతో సాధించాడు.

ఈ విదేశీయుడి ప్రస్తావన ఢిల్లీ లేఖలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. మన దేశంలోనూ ఆటగాళ్ళ ఒప్పందాల వివాదాలు రాజధాని న్యాయస్థానాల మెట్లెక్కుతున్నాయి గనుక. 2024లో అన్వర్ అలీ మోహన్‌బగాన్‌ను వీడి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు చెందిన సంఘం అతడిని నాలుగు నెలలపాటు నిషేధించింది. అతడు, ఈస్ట్ బెంగాల్, అతడిని మోహన్‌బగాన్‌కు ఎరువిచ్చిన ఢిల్లీ ఎఫ్.సి. కలిసి 12 కోట్ల 90 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలన్నది. ఢిల్లీ హైకోర్టు జోక్యంతో ఆ ఉత్తర్వు నిలవలేదు.

అన్వర్ అలీ భారత జట్టు ఆటగాడు. అతడి కోసం పెద్ద క్లబ్బులే పోట్లాడుకున్నాయి. మరి సామాన్య ఆటగాడి మాటేమిటి? ఇండియన్ సూపర్ లీగ్ భవితవ్యం అయోమయంలో పడిన 2025 ఆగస్టులో బెంగళూరు ఎఫ్.సి. ఆటగాళ్ళకూ సిబ్బందికీ జీతాలు నిలిపివేసింది. అటువంటి వేళ ఏజెంటు చేయగలిగింది స్వల్పం. ఒప్పందం విలువలో వంతే అతడి రాబడి. చిన్న జీతగాడి కోసం నెలల తరబడి పోరాడితే అతడికి గిట్టదు. ఇది అతడి దుర్మార్గం కాదు, ఆ వృత్తి లెక్క. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ 2023లో ఏజెంట్లకు పరీక్ష పెట్టి లైసెన్సు ఇవ్వసాగింది. కమీషనుకు విధించిన గరిష్ఠ పరిమితిని మాత్రం జర్మనీ న్యాయస్థానం తీర్పు అనంతరం అదే ఏడాది డిసెంబరులో నిలుపుచేయవలసి వచ్చింది.

కాగా, సామాన్య ఆటగాడికి దిక్కు కావలసినవి అతడి సంఘమూ, సమాఖ్య నియమావళీ. ఆటగాళ్ళ సంఘం 2006లోనే బైచుంగ్ భూటియా ప్రభృతుల పూనికతో ఏర్పడింది. సమాఖ్య నూతన నియమావళిని సుప్రీంకోర్టు కొన్ని మార్పులతో 2025 సెప్టెంబరులో ఆమోదించింది. దాని ముసాయిదాను రూపొందించిన విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు మన తెలుగువారే. కార్యవర్గంలో మాజీ ఆటగాళ్ళకు స్థానం కల్పించడం అందులోని మేలిమి అంశం. అయితే ఆ స్థానాలు భారతదేశం తరఫున నిర్ణీత సంఖ్యలో పోటీలాడిన ప్రముఖులకు ఉద్దేశించినవి. క్లబ్బు నుంచి క్లబ్బుకు తిరిగి ముప్పయ్యయిదేళ్ళకే ఆట ముగించే మామూలు ఆటగాడు ఆ గడప దాటలేడు.

ఆ అనుభవం ఉన్నవాడికి నేడు తెరచి ఉన్న దారి ఏజెంటు వృత్తి ఒక్కటే కాకూడదని నా అభిప్రాయం. జీతం బకాయి పడితే ఎవరి తలుపు తట్టాలో, ఒప్పందంలో ఏ షరతు మెడకు చుట్టుకుంటుందో అతడికి తెలిసినట్టు ప్రముఖులకు తెలియదు. ఆ తెలివి నేడు కమీషనుకు అమ్ముడుపోతున్నది. సమాఖ్య సభామందిరంలో దానికొక కుర్చీ వేయడం పెద్ద ఖర్చు కాదు.