తీరప్రాంత రోడ్డు యాత్ర: ప్రణాళిక

యాత్రకు ప్రణాళిక వేసేటప్పుడు చాలామంది మొదట కిలోమీటర్లు లెక్కిస్తారు. తీరం వెంట వెళ్లేటప్పుడు ఆ లెక్క ఒక్కటే సరిపోదు. విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే సాగరతీర రహదారిని ఉదాహరణగా తీసుకుందాం. దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆగకుండా వెళితే గంట ప్రయాణమే. కాని దారిలో రుషికొండ, తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, చివర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి.

ఎండ ముదరకముందే నేరుగా ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లి, మిగిలినవి తిరుగుదారిలో చూడండి. దిబ్బలు గట్టి రాయి కావు. గాలి, నీరు వేల ఏళ్లుగా పేర్చి, కోసిన ఇసుక. అంచులు ఎక్కితే కూలుతాయి, ఎక్కినవారితో సహా.

సముద్రస్నానాన్ని మాత్రం 'వీలైతే' అని వదిలేయకండి. ఇక్కడ ఒడ్డు నుంచి వెనక్కి మళ్లే నీటి ప్రవాహం ఈత వచ్చినవారిని కూడా లోపలికి లాగుతుంది. రక్షకులు ఉన్న చోటు, ఉన్న వేళ తెలుసుకుని ప్రణాళికలోనే రాసుకోండి. ప్రవాహంలో చిక్కితే ఎదురీదకూడదు, తీరానికి సమాంతరంగా ఈదాలి.

ఇక నెల ఎంపిక. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే. ఆ నెలల్లోనే వెళ్లాల్సి వస్తే, గదికి డబ్బు కట్టే ముందు రద్దు నిబంధనలు చదవండి.