పనసాకు బుట్టలో పొద్దుటి ఫలహారం

కోనసీమకు ముఖద్వారం రావులపాలెం. అరటి గెలల మార్కెట్‌కు పెట్టింది పేరు. జాతీయ రహదారి మీదున్న ఊరు కాబట్టి ఇడ్లీకీ, పెసరట్టు ఉప్మాకీ కొదవ లేదు. చేతిలో పది నిమిషాలుంటే టిఫిను పనైపోతుంది. అయితే పది నిమిషాల్లో తేలని టిఫిను ఒకటి కోనసీమకు సొంతం. అదే పొట్టిక్క!

నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో బుట్టలా కుట్టాలి. రుబ్బిన మినప్పిండిలో ఇడ్లీరవ్వ కలిపి అందులో పోసి, ఆవిరి మీద ఉడికించాలి. ఇడ్లీ పిండే అయినా పనసాకు వాసన పట్టి రుచే మారిపోతుంది. పైన కాస్త నెయ్యి, పక్కన కొబ్బరి పచ్చడి ఉంటే ఇక చెప్పేదేముంది!

చిక్కంతా బుట్టతోనే. సందు మిగిలితే పిండి కారిపోతుంది. ఆకు ఎండితే మడత దగ్గర చిట్లుతుంది. ఆఫీసులకూ బడులకూ పరుగులు తీసే ఇళ్లలో అంత తీరికెక్కడ? అందుకే పొట్టిక్క హోటలు బాట పట్టింది. కోనసీమలోని అంబాజీపేట దానికి పేరు తెచ్చింది. రుచి నిలిచింది, సంతోషమే. బుట్ట కుట్టే నేర్పు మాత్రం ఇంటి చేతుల్లోంచి జారిపోతోంది.

తీరిక లేని రోజున దిబ్బరొట్టె ఉండనే ఉంది. అదే పిండి, మందపాటి మూకుడు, సన్నని సెగ, పైన మూత... అంతే. చెరకు పానకంతో తింటే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు.

పొట్టిక్కకు ఆదివారం కేటాయించండి. పిల్లలకూ నాలుగు ఆకులు, గుప్పెడు పుల్లలు ఇచ్చి కూర్చోబెట్టండి. మొదటి బుట్ట కారుతుంది. నాలుగోది నిలుస్తుంది!