ముందు ఏ చెయ్యో అడగండి

తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే ఒక మనిషిని ఊహించుకోండి. కుడిచేతి వాటం. కిడ్నీలు చెడ్డాక సర్జన్ ఆయన ఎడమ ముంజేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టాడు. పని చేసుకునే చేతిని వదిలి రెండో చేతికి చేయడమే రివాజు. ఇలా ధమనిని సిరతో కలపగా ఏర్పడిన దారినే ఫిస్టులా అంటారు. ఓ రోజు జ్వరమొచ్చి, నిండు చేతుల చొక్కాతో వికారాబాద్‌లో ఏదో క్లినిక్కుకు వెళ్తాడు. బీపీ చూసేవాళ్లు ఏ చెయ్యని అడగకుండా ఎడమ చేతికే పట్టా చుట్టేస్తారేమోనని నా భయం.

ఫిస్టులా మీద మెల్లగా వేళ్లు ఆనించి చూడండి. బోరు నడుస్తుంటే పైపు అదిరినట్టు జుమ్మంటుంది. అందులో నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతుంది. వారానికి 3 సార్లు, 4 గంటల చొప్పున డయాలసిస్ మిషన్‌కు రక్తం వెళ్లేదీ వచ్చేదీ ఈ దారినే. న్యూయార్క్ వైద్యులు బ్రెస్షియా, సిమినో బృందం 1966లో ఈ ఆపరేషన్‌ను ప్రకటించాకే ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకోవడం తేలికైంది.

ఇక బీపీ పట్టా చేసే పని, గాలి బిగించి ధమనిని కాసేపు పూర్తిగా నొక్కేయడం. గాలి వదులుతుంటే రక్తం మళ్లీ కదిలే చప్పుడును వినాలని 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ చెప్పాడు. మామూలు చేతికి ఆ నొక్కుడు ఏమీ కాదు. ఫిస్టులాలో మాత్రం ఆగిన రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోవచ్చు. అప్పుడు తాండూరు నుంచి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లకు పైగా పరుగు.

అందుకే బీపీ రెండో చేతికే చూడాలి. సూదులు, రక్తపరీక్షలు కూడా ఆ చేతికే. రెండు చేతులూ పనికిరాకపోతే కాలికి చూస్తారు, అక్కడ పై అంకె కాస్త ఎక్కువే వస్తుంది. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. 10 సెంటీమీటర్లు కిందికి వేలాడినా 8 పాయింట్ల దాకా పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టా చుట్టినా తప్పుగా ఎక్కువే చూపిస్తుంది. పైగా ఒంట్లో నీరు చేరి మిషన్ ఎక్కే ముందు ఒక బీపీ, నీరు తీశాక ఇంకో బీపీ. మందు మార్చాలంటే ఆ రెండింటికన్నా ఇంట్లో ఉదయం, సాయంత్రం చూసి రాసుకున్న అంకెలే డాక్టరుకు ఎక్కువ చెబుతాయి.

రోజూ పొద్దున లేవగానే ఫిస్టులా మీద వేళ్లు పెట్టి చూసుకోండి. ఆ అదురు తెలియకపోతే తర్వాతి డయాలసిస్ దాకా ఆగొద్దు, వెంటనే సెంటరుకు ఫోన్ చేయండి.